సెప్ట్రానా, డాప్సోనా, మరొకటా: న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా ఏ మందు ఎవరికి?

కిడ్నీ మార్పిడి అయినవాళ్ల మందుల చీటీ చూడండి. బోలెడు పేర్ల మధ్య ఎక్కడో సెప్ట్రాన్ అనో బాక్ట్రిమ్ అనో ఒక మాత్ర ఉంటుంది. లుకేమియాకు కీమో తీసుకుంటున్న పిల్లల చీటీలోనూ ఉంటుంది, వారానికి రెండు మూడు రోజులే వేయమని పక్కన రాసి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఏఆర్‌టీ సెంటర్‌లో (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం) అసలు మందులతో పాటే ఇస్తారు. జ్వరం లేదు, దగ్గు లేదు, మరి ఈ యాంటీబయాటిక్ నెలల తరబడి ఎందుకని ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. ఒంటి మీద నాలుగు దద్దుర్లు కనిపించినా, కడుపులో కాస్త తిప్పినా మొదట మానేసేది ఆ మాత్రనే.

అది అడ్డుకునేది న్యుమోసిస్టిస్ న్యుమోనియాను. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల ఊపిరితిత్తుల్లో ఒక ఫంగస్ పెరిగి, గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి చేరకుండా చేసే జబ్బు ఇది. డాక్టర్లు పీసీపీ అనో పీజేపీ అనో అంటారు. రాకుండా చూసుకోవడానికి ప్రధానంగా నాలుగు మందులున్నాయి: కోట్రైమాక్సజోల్ (సెప్ట్రాన్, బాక్ట్రిమ్‌లలో ఉండేది ఇదే), డాప్సోన్, అటోవాక్వోన్, నెబులైజర్‌తో పీల్చే పెంటమిడిన్. ఈ నాలుగూ సమానం కావు. నా ఉద్దేశం మొదటే చెప్పేస్తాను: కోట్రైమాక్సజోల్ వాడే వీలు ఏ కొంచెం ఉన్నా దాన్ని వదులుకోకూడదు. నిజంగా వదలాల్సి వస్తే, ఆపిన రోజునే దాని బదులు ఏది మొదలుపెడుతున్నారో తేలిపోవాలి. ఒకటి ఆపేసి, రెండోది ఇంకా మొదలుకాని ఆ ఖాళీ వారాల్లోనే మనుషులు ఐసీయూ దాకా వెళ్తారు.

ఇక్కడ రాసినదంతా డాక్టర్‌ను ఏం అడగాలో తెలుసుకోవడానికి. మోతాదులు సొంతంగా మార్చుకోవడానికి కాదు.

ఫంగస్ మందు వాడుతున్నాం కదా, ఇది కూడా ఎందుకు?

ఇది చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే మార్పిడి తర్వాత, కీమో సమయంలో ఫ్లూకోనజోల్, వోరికోనజోల్, పోసకోనజోల్ లాంటి మందులు చాలామందికి రాస్తారు. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం మనవాళ్లు ఎంత తిరిగారో గుర్తుండే ఉంటుంది. ఆ మందులేవీ న్యుమోసిస్టిస్ మీద పనిచేయవు. మామూలు ఫంగస్‌ల పొరలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది, ఆ మందులు దాన్నే దెబ్బతీస్తాయి. న్యుమోసిస్టిస్‌లో అది లేదు.

ఈ సూక్ష్మజీవి శాస్త్రవేత్తలను కూడా చాలాకాలం తికమక పెట్టింది. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ చాగస్ దీన్ని చూసి వేరే పరాన్నజీవి జీవితంలో ఒక దశ అనుకున్నాడు. 1912లో పారిస్‌లో డెలనోయ్ దంపతులు ఇది వేరే జీవి అని తేల్చారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో బలహీనంగా ఉన్న పసిపిల్లల్లో న్యుమోనియాకు కారణం ఇదేనని చెక్ శాస్త్రవేత్త ఒట్టో యీరోవెత్స్ బృందం చూపించింది. ఇప్పుడు దాని పేరులో ఉన్న జిరోవెసీ ఆయన పేరే. ఇది ఫంగస్ అని జన్యు పరీక్షలతో రుజువైంది 1988లో. అప్పటిదాకా ప్రోటోజోవా (ఏకకణ పరాన్నజీవి) అనే అనుకున్నారు, మలేరియా లాంటి జబ్బుల మందులు దీనిమీద ప్రయత్నించారు, వాటిలో కొన్ని పనిచేశాయి కూడా. మన జాబితాలో ఉన్న నాలుగు మందుల్లో ఒక్కటీ మామూలు ఫంగస్ మందు కాకపోవడం వెనుక కథ ఇది.

1981 జూన్ 5న అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఒక చిన్న నివేదిక ప్రచురించింది. లాస్ ఏంజెలెస్‌లో అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకులకు ఈ న్యుమోనియా వచ్చిందని అందులో ఉంది. ఎయిడ్స్ గురించి ప్రపంచానికి తెలిసిన మొదటి సమాచారం అదే.

ఎవరికి కావాలి

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల విషయంలో లెక్క స్పష్టంగా ఉంది. సీడీ4 కణాలు (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక తెల్లకణాలు) 200 కంటే తగ్గితే ప్రమాదం బాగా పెరుగుతుంది, అమెరికా మార్గదర్శకాలు అక్కడి నుంచే మందు మొదలుపెట్టమంటాయి. మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ న్యాకో ఇంకా ముందే, 350 కంటే తగ్గితేనో, హెచ్‌ఐవీ మూడు, నాలుగు దశల జబ్బు లక్షణాలు ఉంటేనో మొదలుపెట్టమంటుంది. రోజుకు ఒక డబుల్ స్ట్రెంత్ (మామూలు మాత్రకు రెట్టింపు మందున్న) మాత్ర. కోట్రైమాక్సజోల్ ఈ ఒక్క న్యుమోనియానే కాక మెదడుకు సోకే టాక్సోప్లాస్మాను, కొన్ని బ్యాక్టీరియా జబ్బులను కూడా ఆపుతుంది కాబట్టి మన దగ్గర ఆ ముందు గీత సమంజసమే.

కిడ్నీ, లివర్, గుండె మార్పిడి అయినవాళ్లకు సాధారణంగా 6 నుంచి 12 నెలలు ఇస్తారు, ఊపిరితిత్తుల మార్పిడి అయితే ఇంకా ఎక్కువకాలం. దాత నుంచి మూలకణాల మార్పిడి అయినవాళ్లకు కనీసం ఆరు నెలలు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు నడుస్తున్నంతకాలం. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా పిల్లలకు చికిత్స పూర్తయ్యేదాకా. మెదడు ట్యూమర్‌కు రేడియేషన్‌తో కలిపి టెమోజోలమైడ్ తీసుకునేవాళ్లకు కూడా ఇది అవసరం.

చిక్కంతా స్టెరాయిడ్ల దగ్గర ఉంది. లూపస్, వాస్కులైటిస్, డెర్మటోమయోసైటిస్, ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ లాంటి జబ్బులకు నెలల తరబడి వైసోలోన్ (ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్) వాడేవాళ్లు మన చుట్టూ ఎంతోమంది. రోజుకు 20 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువ ప్రెడ్నిసోలోన్, నాలుగు వారాలు లేదా అంతకంటే ఎక్కువకాలం, దానికి తోడు సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్ లాంటి మరో మందు గానీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మరో కారణం గానీ ఉంటే ముందుజాగ్రత్త మందు గురించి ఆలోచించాలన్నది చాలామంది పాటించే కొలత. స్టెరాయిడ్ ఒక్కటే వాడుతుంటే ఇవ్వాలా వద్దా అన్నదాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. అందుకే ఎవరూ ఆ మాట ఎత్తకుండానే నెలలు గడిచిపోతుంటాయి. ఇంకో సంగతి: ప్రెడ్నిసోలోన్ 20 మి.గ్రా.తో సమానమైన మోతాదు మిథైల్ ప్రెడ్నిసోలోన్‌లో 16, డెక్సామెథసోన్‌లో సుమారు 3 మి.గ్రా. మాత్ర మీద అంకె చిన్నదిగా కనిపించినంత మాత్రాన మోతాదు చిన్నది కాదు. మీరు ఈ గుంపులో ఉంటే, చీటీలో ఈ మందు లేకపోతే, "నాకు పీసీపీ రాకుండా మందు అవసరమా?" అని నేరుగా అడగండి. అవసరం లేదని డాక్టర్ ఆలోచించి చెబితే మంచిదే, అసలు ఆలోచనకే రాకపోవడం మాత్రం మంచిది కాదు.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఈ న్యుమోనియా మెల్లగా, వారాల మీద ముదురుతుంది. పొడి దగ్గు, కొద్దిగా జ్వరం, మెట్లెక్కితే ఆయాసం. కూర్చుని ఉంటే బాగానే ఉన్నట్టుంటుంది. మార్పిడి, కీమో, స్టెరాయిడ్లవాళ్లలో కొద్ది రోజుల్లోనే తీవ్రమవుతుంది, చనిపోయే ప్రమాదం కూడా వాళ్లలోనే ఎక్కువ. మందు ఎందుకు మానకూడదో చెప్పడానికి ఈ తేడా ఒక్కటి చాలు.

కోట్రైమాక్సజోల్: మొదటి ఎంపిక ఎందుకయింది

1977లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ ఆసుపత్రి డాక్టర్ వాల్టర్ హ్యూస్ బృందం క్యాన్సర్ ఉన్న పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. మందులేని ఉత్త మాత్ర తీసుకున్న 80 మందిలో 17 మందికి ఈ న్యుమోనియా వచ్చింది. కోట్రైమాక్సజోల్ తీసుకున్న 80 మందిలో ఒక్కరికీ రాలేదు. ఒక మందు ఇంత తేటగా గెలవడం వైద్యంలో అరుదు. పదేళ్ల తర్వాత, 1987లో, వారానికి మూడు రోజులు ఇచ్చినా సరిపోతుందని అదే బృందం చూపించింది. పిల్లల చీటీల్లో కొన్ని రోజులే రాసి ఉండటానికి మూలం అది.

పెద్దవాళ్లకు రోజుకో సింగిల్ స్ట్రెంత్ మాత్ర (80 మి.గ్రా. ట్రైమెథోప్రిమ్, 400 మి.గ్రా. సల్ఫామెథాక్సజోల్), లేదా రోజుకో డబుల్ స్ట్రెంత్, లేదా వారానికి మూడుసార్లు డబుల్ స్ట్రెంత్. మూడూ వాడుకలో ఉన్నాయి. దుష్ఫలితాలు ఇబ్బంది పెడుతుంటే పూర్తిగా మానే ముందు మోతాదు తగ్గించడం కూడా ఒక మార్గమని గుర్తుపెట్టుకోండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఎలాగూ తగ్గించే ఇస్తారు.

ధర చాలా తక్కువ, చిన్న ఊరి మందుల షాపులోనూ దొరుకుతుంది. టాక్సోప్లాస్మా, నోకార్డియా అనే బ్యాక్టీరియా, కొన్ని మూత్రనాళ ఇన్ఫెక్షన్ల నుంచి రక్షణ అదనం. మిగతా మూడు మందుల్లో ఏదీ ఒంటరిగా ఇంత ఇవ్వదు.

ఇక ఇబ్బందులు. ఎక్కువమందిని మందు మాన్పించేవి మూడు: దద్దుర్లు, రక్తకణాలు తగ్గడం, పొటాషియం పెరగడం. దద్దుర్ల సంగతి విడిగా చెబుతాను.

పొటాషియం పెరగడం ఈ మందులోని ట్రైమెథోప్రిమ్ పని. బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ వాడేవాళ్లలో, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లలో, మార్పిడి తర్వాత టాక్రోలిమస్ వాడేవాళ్లలో ఇది మరింత పెరుగుతుంది. గుండె లయ తప్పేంత పెరిగిన సందర్భాలున్నాయి. మందు మొదలుపెట్టిన మొదటి ఒకటి రెండు వారాల్లో ఒకసారి పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోవాలి. నీరసంగా ఉందని రోజూ కొబ్బరినీళ్లు తాగించడం మన ఇళ్లలో మామూలే. పొటాషియం ఎక్కువున్నవాళ్లకు అది మంచిది కాదు. క్రియాటినిన్ విషయంలో ఒక ఊరట ఉంది. ఈ మందు కిడ్నీని పాడుచేయకుండానే ఆ అంకెను కొద్దిగా పెంచగలదు. కాబట్టి కాస్త పెరగగానే కిడ్నీ పోతోందని భయపడకుండా, ఎంత పెరిగింది, పెరుగుతూనే ఉందా అని డాక్టర్‌తో చూపించుకోండి.

రక్తకణాలు తగ్గితే నింద వెంటనే సెప్ట్రాన్ మీదికే వెళ్తుంది. మార్పిడి అయినవాళ్లలో మైకోఫెనోలేట్, వాల్‌గాన్‌సైక్లోవిర్, అజాథయోప్రిన్ కూడా అదే పని చేస్తాయి. కారణం ఏదో చూడకుండా చవకైన మాత్రను తీసేయడం సులభం, అంతే.

మెథోట్రెక్సేట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిన మందు అది. ఫోలిక్ ఆమ్లం శరీరంలో పనిచేయకుండా అడ్డుకుంటుంది. ట్రైమెథోప్రిమ్ కూడా అదే దారిలో అడ్డుపడుతుంది. రెండూ కలిస్తే ఎముక మజ్జ కుదేలై, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోవచ్చు. కీళ్లవాతానికి వారానికొకసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లకు మరో డాక్టర్ మూత్రంలో మంటకు పూర్తి మోతాదు సెప్ట్రాన్ రాసినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. లుకేమియా పిల్లలకు మాత్రం రెండూ తెలిసే కలిపి ఇస్తారు, తక్కువ మోతాదులో, తరచూ రక్తపరీక్షలు చేస్తూ, అధిక మోతాదు మెథోట్రెక్సేట్ ఎక్కించే రోజుల్లో సెప్ట్రాన్ ఆపి. కీళ్లవాతం వాళ్లు ఆ పిల్లల ఉదాహరణ చూసి ధైర్యం చేయకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష) తరచుగా చూపించుకోవాలి. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడేవాళ్లలో షుగర్ పడిపోవచ్చు.

"నాకు సల్ఫా పడదు" అన్న మాట

నాలుగు మందుల్లో ఏది అన్న నిర్ణయం ఎక్కువసార్లు ఈ ఒక్క మాట దగ్గరే తేలుతుంది, కాబట్టి కాస్త ఆగుదాం.

ఎప్పుడో చిన్నప్పుడు ఏదో మాత్ర వేస్తే వాంతి అయ్యింది. దాన్ని ఫైల్‌లో సల్ఫా ఎలర్జీ అని రాశారు. ఆ ఒక్క గీత ఆ మనిషి నుంచి అన్నిటికంటే మంచి మందును జీవితాంతం దూరం చేస్తుంది. వాంతి, కడుపులో తిప్పడం ఎలర్జీ కాదు. అన్నం తిన్నాక వేసుకుంటే, లేదా మోతాదు తగ్గిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఆహారంలో నిల్వకు కలిపే సల్ఫైట్లకు, ఇంజెక్షన్లలో ఉండే సల్ఫేట్ లవణాలకు దీనితో సంబంధం లేదు. కీళ్లవాతానికి, పెద్దపేగు వాపుకు వాడే సల్ఫసలజైన్‌కు మాత్రం నిజమైన సంబంధం ఉంది. దానికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చివుంటే తప్పక చెప్పాలి.

రెండో రకం నిజమైన దద్దుర్లు. మొదలుపెట్టిన రెండో వారంలో ఎర్రటి మచ్చలు, దురద, ఒక్కోసారి జ్వరం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఇది చాలా ఎక్కువ. దద్దుర్లు స్వల్పంగా ఉండి, జ్వరం లేక, నోరు, కళ్లు బాగుంటే, డాక్టర్ దగ్గరుండి చూస్తూ మందు కొనసాగించడం, లేదా కొన్నాళ్లు ఆపి చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవడం సాధ్యమే. ఇలా మళ్లీ మొదలుపెట్టిన హెచ్‌ఐవీ రోగుల్లో 70 శాతం దాకా తట్టుకోగలరని అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. మెల్లగా పెంచే పద్ధతికి పిల్లల సిరప్ బాగా ఉపయోగపడుతుంది, మోతాదును కొద్దికొద్దిగా కొలవవచ్చు కాబట్టి. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం ఖచ్చితంగా ఇదే: "నాకు మళ్లీ మెల్లగా అలవాటు చేసే అవకాశం ఉందా?"

మూడో రకం వేరు. నోట్లో, కళ్లలో, మర్మాంగాల దగ్గర పుండ్లు, చర్మం మీద నీటి పొక్కులు, చర్మం ఊడిపోవడం, లేదా దద్దుర్లతో పాటు ముఖం వాచి, లివర్ దెబ్బతినడం. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్, డ్రెస్ సిండ్రోమ్ అనేవి ఇవే. ఇలాంటిది ఒక్కసారి వచ్చినా కోట్రైమాక్సజోల్ మళ్లీ ఎప్పటికీ, ఏ మోతాదులోనూ వద్దు. మాత్ర వేసుకున్న గంటలోపే గొంతు వాచి, ఊపిరాడక, బీపీ పడిపోయినా అది ప్రాణాంతక ఎలర్జీయే, అలాంటివాళ్లూ నిపుణులు చెబితే తప్ప ముట్టకూడదు. ఈ వివరాలు రాసిన కాగితం ఒకటి ఎప్పుడూ దగ్గరుంచుకోండి: ఏ మందు, ఏ సంవత్సరం, వేసుకున్న ఎన్నో రోజున, ఏమైంది, ఆసుపత్రిలో చేరారా. ఉత్త "సల్ఫా పడదు" కంటే డాక్టర్‌కు అది వందరెట్లు ఉపయోగం.

డాప్సోన్

కుష్ఠు చికిత్సలో ఏళ్లుగా వాడుతున్న మందే ఇది. చవక, రోజుకు ఒకసారి 100 మి.గ్రా. మాత్ర, దొరకడం కష్టం కాదు. అందుకే సెప్ట్రాన్ కుదరనప్పుడు మన దగ్గర మొదట గుర్తొచ్చేది ఇదే, ఆ ఆలోచనలో తప్పు లేదు. అయితే దీనికి ముందు ఒక పరీక్ష తప్పనిసరి.

ఆ పరీక్ష జీ6పీడీ. ఆ ఎంజైమ్ లోపం పుట్టుకతో వస్తుంది, మగవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. లోపం ఉన్నవాళ్లు డాప్సోన్ వేసుకుంటే ఎర్రకణాలు చితికిపోయి, మూత్రం నల్లగా వచ్చి, హిమోగ్లోబిన్ హఠాత్తుగా పడిపోతుంది. ఇటీవల రక్తం ఎక్కించుకుని ఉంటే పరీక్షలో దాత కణాల వల్ల మామూలుగా ఉన్నట్టు రావచ్చు, ఆ సంగతి ల్యాబ్‌కే కాదు, డాక్టర్‌కూ చెప్పాలి. లోపం లేనివాళ్లలో కూడా ఎర్రకణాలు కొంత తగ్గుతాయి, కాబట్టి హిమోగ్లోబిన్ ముందే తక్కువగా ఉన్నవాళ్లకు ఇది మంచి ఎంపిక కాదు.

ఇంకో రెండు సంగతులు చాలామందికి తెలియవు. డాప్సోన్ వల్ల రక్తంలో మెథెమోగ్లోబిన్ (ఆక్సిజన్‌ను మోయలేని రకం హిమోగ్లోబిన్) పెరగవచ్చు. అప్పుడు వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ అంకె పడిపోతుంది, ఎక్కువైతే 85 దగ్గర నిలిచిపోతుంది. పెదాలు నీలంగా మారతాయి. అసలు ఏ న్యుమోనియా రాకూడదని మందు వాడుతున్నారో అదే వచ్చిందేమో అనిపిస్తుంది. రెండింటిలో ఏదైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. వెళ్లగానే "డాప్సోన్ వాడుతున్నాం" అన్నది మొదటి మాట కావాలి. మెథెమోగ్లోబిన్‌ను కొలిచే రక్తపరీక్ష వేరే ఉంది. రెండోది షుగర్ ఉన్నవాళ్లకు: డాప్సోన్ వాడేవాళ్లలో హెచ్‌బీఏ1సీ తప్పుగా తక్కువ చూపిస్తుంది. మూడు నెలల షుగర్ అద్భుతంగా ఉందని సంతోషపడి మందు తగ్గించుకుంటే నష్టం. గ్లూకోమీటర్ అంకెలనే నమ్మండి.

మొదటి నెలన్నర రెండు నెలల్లో జ్వరం, దద్దుర్లు, పచ్చకామెర్లు కలిసి వస్తే వెంటనే మందు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. సెప్ట్రాన్‌కు మామూలు దద్దుర్లు వచ్చినవాళ్లలో చాలామంది డాప్సోన్‌ను తట్టుకుంటారు, కొందరు తట్టుకోలేరు. సెప్ట్రాన్‌తో స్టీవెన్స్ జాన్సన్ వచ్చినవాళ్లకు డాప్సోన్ కూడా వద్దు. టాక్సోప్లాస్మా నుంచి ఇది ఒక్కటే రక్షించదు.

అటోవాక్వోన్

పసుపు రంగు చిక్కటి ద్రవం. రోజుకు 1500 మి.గ్రా., కొవ్వున్న భోజనంతో. సెప్ట్రాన్ పడనివాళ్లలో ఇది డాప్సోన్‌తో సమానంగా రక్షించిందని అధ్యయనాలు చూపించాయి. ఎముక మజ్జను అణచదు, పొటాషియం పెంచదు, జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకూ ఇవ్వవచ్చు. ఒంటికి సంబంధించినంతవరకు సెప్ట్రాన్ తర్వాత నేను మెచ్చే మందు ఇదే.

అడ్డంకి జేబుకు సంబంధించినది. మిగతావాటితో పోలిస్తే చాలా ఖరీదు, అన్నిచోట్లా దొరకదు. అమెరికాలో ఇన్సూరెన్స్ ఉన్న తెలుగు కుటుంబాలకు డాక్టర్ దీన్ని తేలిగ్గా రాయవచ్చు, ఇక్కడ నెలనెలా కొనాల్సిన ఇంటికి లెక్క వేరు. మొదలుపెట్టే ముందే ఆరు నెలలకు సరిపడా దొరుకుతుందా, కొనగలమా అని చూసుకోండి, రెండో నెలలో ఆగిపోతే మళ్లీ ఖాళీ పడుతుంది. మలేరియాకు వాడే అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్ర దీనికి బదులు కాదు.

ఖాళీ కడుపుతో తాగితే మందు సరిగా ఒంటికి పట్టదు. అన్నంలో బాగా నెయ్యి వేసుకునో, గుడ్డు కూరతోనో తినే పూట పెట్టుకోండి. కొవ్వు మానేసిన రోగికి, విరేచనాలు అవుతున్న రోగికి ఈ మందు నమ్మదగినది కాదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్లలో అటోవాక్వోన్ స్థాయి సగానికి పడిపోతుంది, ఆ రెండూ కలపకూడదు. మన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

పీల్చే పెంటమిడిన్

నెలకు ఒకసారి 300 మి.గ్రా., ప్రత్యేకమైన నెబులైజర్‌తో, ఆసుపత్రిలో. ఇంట్లో ఉండే మామూలు నెబులైజర్ పనికిరాదు, మందు చాలా సన్నని తుంపరగా మారితేనే ఊపిరితిత్తుల లోపలికి చేరుతుంది. రోజూ మాత్ర మింగలేనివాళ్లకు, రక్తకణాలు బాగా తగ్గినవాళ్లకు అనుకూలం. కానీ మిగతావాటికంటే రక్షణ తక్కువ, ముఖ్యంగా సీడీ4 100 లోపు ఉన్నవాళ్లలో. ఊపిరితిత్తుల పైభాగాలకు సరిగా చేరదు కాబట్టి అక్కడ జబ్బు రావచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకు పట్టేసినట్టవుతుంది. పీల్చేటప్పుడు విపరీతంగా దగ్గు వస్తుంది, గుర్తించని టీబీ ఉంటే ఆ గదిలో అందరికీ ప్రమాదం. మన దగ్గర దీన్ని చివరి ఎంపికగానే చూడాలి.

ఎవరికి ఏది

గతంలో దద్దుర్లు స్వల్పంగా వచ్చినవాళ్లకు, మెల్లగా మళ్లీ అలవాటు చేయడమే మొదటి ప్రయత్నం కావాలని నా అభిప్రాయం. టాక్సోప్లాస్మా ఐజీజీ (అది ఎప్పుడో సోకిందని చూపే రక్తపరీక్ష) పాజిటివ్ ఉండి సీడీ4 100 కంటే తక్కువున్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాళ్లకు డాప్సోన్ గానీ పెంటమిడిన్ గానీ ఒక్కటే సరిపోదు. టీబీ మందులు నడుస్తున్నవాళ్లకూ అంతే. రిఫాంపిసిన్ అటోవాక్వోన్‌ను దెబ్బతీస్తుంది, డాప్సోన్ స్థాయిని కూడా తగ్గిస్తుంది.

స్టీవెన్స్ జాన్సన్ వచ్చివున్నా, జీ6పీడీ లోపంతో పాటు సెప్ట్రాన్ పడకపోయినా, అటోవాక్వోన్. కొనలేకపోతే పెంటమిడిన్ ఏ పెద్దాసుపత్రిలో ఇస్తారో మీ డాక్టర్ ద్వారానే కనుక్కోవాలి. పొటాషియం ఒక్కటే సమస్య అయితే మొదట బీపీ మందు మార్చవచ్చేమో, మోతాదు వారానికి మూడుసార్లకు తగ్గించవచ్చేమో చూస్తారు. అది కుదరకపోతేనే డాప్సోన్. తెల్లకణాలు ప్రమాదకరంగా తగ్గితే, కోలుకునేదాకా అటోవాక్వోన్ గానీ పెంటమిడిన్ గానీ వాడి, తర్వాత సెప్ట్రాన్‌కే తిరిగి రావచ్చు. ఒకసారి మార్చిన మందు శాశ్వతం కానక్కర్లేదు. ఈ మాట డాక్టర్లు కూడా కొన్నిసార్లు మరచిపోతారు.

గర్భిణులైతే ఆ సంగతి డాక్టర్‌కు మొదటే చెప్పాలి. సెప్ట్రాన్ పూర్తిగా నిషేధమేమీ కాదు, నెలలను బట్టి డాక్టర్ తూచి నిర్ణయిస్తారు.

ఏ మందు వాడుతున్నా, కొత్తగా ఆయాసం, పొడి దగ్గు, జ్వరం వస్తే రోజువారీ మాత్ర ఒకటికి రెండు వేసుకుని ఇంట్లో ఉండకండి. జబ్బు వచ్చాక ఇచ్చే మోతాదు దీనికి చాలా రెట్లు, సాధారణంగా 21 రోజులు, ఆక్సిజన్ బాగా తగ్గితే స్టెరాయిడ్‌తో కలిపి. ఛాతీ ఎక్స్‌రే మొదట్లో మామూలుగానే ఉండవచ్చు. అందుకే "ఎక్స్‌రే బాగుంది" అనగానే తిరిగి రాకుండా, నాలుగు అడుగులు నడిచాక ఆక్సిజన్ ఎంత పడుతోందో చూడమనండి, అనుమానం ఉంటే సీటీ గురించి అడగండి.

ఎప్పుడు ఆపాలి

హెచ్‌ఐవీలో, ఏఆర్‌టీ మందులు సరిగా వేసుకుంటూ సీడీ4 350 దాటి, ఆరు నెలల తేడాతో రెండుసార్లు అలాగే వస్తే న్యాకో పద్ధతిలో ఆపుతారు. అమెరికా పద్ధతిలో 200 పైన మూడు నెలలు ఉంటే చాలు. మళ్లీ కింద పడితే మళ్లీ మొదలు. మార్పిడిలో గడువు పూర్తయ్యాక ఆపినా, శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించి దానికి పెద్ద మోతాదు స్టెరాయిడ్ గానీ ఏటీజీ (రోగనిరోధక కణాలను బాగా తగ్గించే ఇంజెక్షన్) గానీ ఇస్తే, మందు కొన్ని వారాలపాటు తిరిగి మొదలుపెడతారు. ఆ హడావిడిలో చీటీలోకి ఎక్కకుండా పోయే మందుల్లో ఇది ముందుంటుంది. రిటుక్సిమాబ్ ప్రభావం చివరి డోసు తర్వాత కూడా నెలల తరబడి ఉంటుంది కాబట్టి, ఇంజెక్షన్లు అయిపోయాయి కదా అని ఆ రోజే ఆపకూడదు, కనీసం ఆరు నెలలు కొనసాగించే పద్ధతి ఉంది. స్టెరాయిడ్లు వాడేవాళ్లలో మోతాదు రోజుకు 20 మి.గ్రా. కంటే తగ్గి, పక్క మందులు కూడా తగ్గాక డాక్టర్ నిర్ణయిస్తారు. జబ్బు తిరగబెట్టి వైసోలోన్ మళ్లీ పెంచిన రోజున, ఈ ప్రశ్న కూడా మళ్లీ అడగండి.